వామపాద మేజోడు సంగ్రామం

వినుడు, సావధానులై వినుడు! ఎదుటి మేడల తలలు దాటిన సూర్యుడు కిటికీ చువ్వల సందునుండి మంచము మీదికి తొంగిచూచుచుండగా, వంటింట కుక్కరు శంఖారావము చేయుచుండగా, మూడవ అంతస్తున రెండు గదుల దుర్గమునందు ఒక మహాయుద్ధము ఆరంభమయ్యెను.

నాయకుడు దర్జీ. ఉత్త దర్జీ యనుకొనెదరేమో! లంబోదరులకు సైతము నడుమున్నట్లు భ్రమ గొలుపు ప్యాంట్లు కుట్టిన కత్తెరచక్రవర్తి, టేపుకంఠాభరణుడు, కాజా కుట్టుటలో ఎదురులేని మొనగాడు. అట్టి ధీరునిపైకి విధి ఇద్దరు శత్రువులను ఒకేసారి తోలెను. కొంతకాలము క్రిందట వైద్యులు అతని ఎడమకాలినుండి రక్తనాళమొకటి తీసి గుండెకు అతుకు వేసిరి. అతుకు వేయుట తన విద్యయే గనుక ఆ పని అతనికి నచ్చెను. ఆ గాయము మానకమునుపే, ఏండ్ల తరబడి మిషనుపై వంగిన నడుము "మరి నా సంగతేమి?" అని లేచెను. గుండె డాక్టరు దిండ్లు పేర్చుకొమ్మనెను. నడుము డాక్టరు దిండే వలదనెను. ముందు నుయ్యి, వెనుక గొయ్యి యని లోకము చెప్పుకొనును. ఇతనికి ముందు గుండె, వెనుక నడుము.

ఆ రెండును కూడబలుకుకొని పన్నిన వ్యూహమే మేజోడు. ఎడమకాలు వాయకుండ మోకాలి దాకా తొడుగవలసిన మహాబిగుతు మేజోడు. తొడుగవలెనన్న వంగవలెను; వంగిన నడుము పట్టును; పెనుగులాడిన ఆయాసము వచ్చి గుండె దడదడలాడును.

మొదటి మేజోడు విషయమున మన వీరుడు దర్జీలు మాత్రమే చేయగల తప్పు చేసియుండెను. బిగుతుగా నున్నదని, భార్య బజారుకు పోయిన అదను చూచి, దానిని నిలువునా కోసి, నడుమ గుడ్డపీలిక వేసి వదులు చేసెను. పనితనమునకు వంక పెట్టలేము. మేజోడు మాత్రము చీలమండకు జారి కూర్చుండెను, కాలు గుమ్మడికాయంత ఆయెను. డాక్టరు చీవాట్లు భార్యకు పెట్టెను. నాటినుండి కొత్త మేజోడు తొడుగు బాధ్యతయు, షాపు తాళపుచెవియు ఆమె వశమాయెను.

ఆ ఉదయము బావమరిది వచ్చి కుర్చీ లాగికొని కూర్చుండెను.

"మేజోడు తొడుక్కోలేని మనిషికి షాపెందుకు బావా? సెల్‌ఫోన్లవాడు అద్దెకి అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం. హాయిగా కూర్చో."

"కూర్చోవద్దన్నాడు నడుం డాక్టరు."

"పోనీ పడుకో."

"వెల్లకిలా పడుకోవద్దన్నాడు గుండె డాక్టరు. ఇక మిగిలింది షాపే."

ఇల్లాలు తాళపుచెవి తెచ్చి బల్లపై పెట్టెను. "సరే. మీ అంతట మీరు తొడుక్కోండి, నేను ముట్టుకోను. ఆయాసం రాకూడదు, నడుం పట్టకూడదు. కత్తెర పట్టారో, ఊరుకోను! తొడుక్కుంటే తాళం మీది, లేకపోతే ఇవాళే వాడిది." ఆమె తాళపుచెవిని బల్ల నడుమకు జరిపెను. "నాకేమన్నా సరదానా? ఆపరేషన్ గది బయట నేనెలా కూర్చున్నానో మీకేం తెలుసు!"

వీరుడు, షాపు లేని తాను తనకే అక్కరలేని మనిషి ననియు, ఆ మాట చెప్పినచో ఆమె మరింత భయపడుననియు ఎరిగి, మేజోడందుకొనెను.

ప్రథమ దాడిలో వీరుడు మంచపుటంచున కూర్చుండి వంగెను. హస్తము పిక్క దాకా పోయెనో లేదో, నడుము పిడుగై పడెను. "అమ్మో!" యను సింహనాదము మెట్ల దాకా వినవచ్చెను. ద్వితీయ దాడిలో కాలు ఎత్తి స్టూలుపై పెట్టి ఈడ్చెను. నడుము కరుణించెను గాని గుండె డప్పు వాయించెను. మేజోడు బొటనవ్రేలు దాటలేదు.

"చాలు బావా," అనెను బావమరిది, ఫోను తీయుచు.

అప్పుడా మహావీరుడు దిండ్లకు చేరగిలి, కన్నులు మూసి, మనసున నిట్లు గర్జించెను: "ఓరీ మూరెడు గుడ్డా! పెండ్లికొడుకుల పొట్టలను ఇమిడ్చినవాడను, నీ నోట నా అయిదు వ్రేళ్ళను ఇమిడ్చలేనా!" పైకి మాత్రము భార్యతో, "ఇదిగో, సూదీ దారం ఇలా అందివ్వు. పైజమా నాడాలు రెండు కూడా," అనెను.

మేజోడు అంచున ఇటొక నాడా, అటొక నాడా సులువుగా ఊడదీయదగిన టాకాలు వేసెను. దానిని స్టూలుపై నోరు తెరిపించి నిలిపి, పాదము దూర్చి, దిండ్లను వదలకయే, రథసారథి పగ్గములు పట్టినట్లు నాడాలు పట్టి లాగెను. వ్రేళ్ళు పోయెను. మడమ వద్ద శత్రువు మొండికెత్తెను. వీరుడు తొందరపడక ఊపిరి తీసికొని, ఒకమారు ఇటు, ఒకమారు అటు గుంజెను.

"ఇది అన్యాయమక్కా! నాడాలు కట్టాడు!"

"కత్తెర పట్టొద్దన్నాను. సూది పట్టొద్దనలేదుగా. నువ్వు నోరు మూసుకో."

మడమ లొంగెను! పిక్క లొంగెను! మేజోడు సరసర ప్రాకి మోకాలి క్రింద స్థిరపడెను. ఒక్క గుంజుతో టాకా దారము ఊడివచ్చెను. ఇల్లాలు ముడుతలేమైన నున్నవేమోనని తడిమి చూచి, అతని రొమ్ముపై చేయి వేసెను.

"దడగా ఉందా?"

"నువ్వు చెయ్యి తీస్తే తగ్గుతుంది."

బావమరిది గోడ వైపు చూచెను. ఆమె తాళపుచెవిని మగని చేత పెట్టి, తానును సంచి భుజాన వేసికొనెను.

"నువ్వెక్కడికే?"

"షాపుకి. తొడుక్కున్నారు, బాగానే ఉంది. సాయంత్రం విప్పేదెవరు?"

అష్టదిక్కులారా, ఆలకింపుడు! ఒక మనుష్యుని ఒక్క కాలు, ఒక్క మేజోడులోనికి, మోకాలి దాకా, పరాయి చేయి పడకుండ దిగినది. కుడికాలికి మేజోడు అక్కరలేకపోవుట లోకముల అదృష్టము!