చిన్నవ్వ బీపీ, సత్యవతి సైకిలు

శనివారం పొద్దున జగపతి రావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కోరుట్లలోని తన ఇంటి వసారాలో భార్య సైకిలుకు కొత్త షాక్ అబ్జార్బర్ బిగించాలి, చేతులు కడుక్కోవాలి, ఉప్మా తినాలి. మరునాడు జగిత్యాల అవతల గుట్ట దగ్గర ఆడవాళ్ల సైకిల్ పోటీ ఉంది. నలభై దాటినవాళ్ల విభాగంలో సత్యవతి పేరిచ్చింది.

ఆ సైకిలును ఆమె తమ్ముడు సురేశ్ ఎప్పుడో దుబాయ్ నుంచి తెచ్చాడు. లావు టైర్లు, సీటు కింద స్ప్రింగు ఉన్న గుట్టల సైకిలు. షుగర్ వచ్చిన కొత్తలో డాక్టరు నడవమంటే, నడక విసుగనిపించి సత్యవతి దాన్ని దులిపి ఎక్కింది. ఇప్పుడు మల్లాపూర్ దారిలోని పసుపు చేను దాకా దాని మీదే పోయి వస్తుంది. కాని స్ప్రింగు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దారిలో ఉన్న ప్రతి రాయీ ఆమె నడుముకే తగిలేది. అది మారకపోతే రాళ్ల గుట్ట దిగడం కల్ల.

సురేశ్ కొలతలు అడిగి తెలుసుకొని, ఊరికి వస్తున్న ఒకాయన చేత పెట్టె పంపాడు. అందులో ఖర్జూరం, నొప్పుల బామ్, టార్చిలైటు, కొత్త షాక్ అబ్జార్బర్ ఉన్నాయి. వాటి అడుగున ఇంకో వస్తువు: గుండ్రటి డయలు, అందులో ఒక ముల్లు, చిన్న పిడి, నల్లటి రబ్బరు గొట్టం.

"గిదేందండీ?" అంది సత్యవతి.

"బీపీ మిషన్," అన్నాడు జగపతి రావు, క్షణం కూడా ఆలోచించకుండా.

అందులో వింత లేదు. కోరుట్లకు గల్ఫ్ నుంచి ఏ పెట్టె వచ్చినా అందులో పెద్దవాళ్ల కోసం బీపీ మిషన్ ఉంటుంది. పెట్టె విప్పగానే ముందు ఏరుకునే హక్కు కూడా పెద్దవాళ్లదే. జగపతి రావు పినతల్లిని వాడంతా చిన్నవ్వ అనే పిలుస్తుంది. ఆమె ఆ వస్తువును కొంగులో చుట్టుకొని గదిలోకి నడుస్తూ, "దొరలింటి కోడలు సైకిలెక్కుడేందే? మీ మామ ఉంటె గుర్రమన్న కొనిచ్చేటోడు," అని ఒక మాట విసిరింది.

జగపతి రావు పని మొదలుపెట్టాడు. పాత సైకిలుకు జాగా వెడల్పు, కొత్త దాని కొసల్లో బోల్టు ఎక్కే చెవులు సన్నం. రెండు పక్కలా వాషర్లు వేసి బిగించాడు. బాగానే కుదిరింది.

"స్ప్రింగేది మరి?"

"లోపల ఉంటది. కొత్త మోడల్ గదా."

సత్యవతి ఎక్కి కూర్చుంది. సైకిలు ఏ పట్టూ లేకుండా కుంగి, వెనక టైరు సీటును తాకింది.

"కొత్తది. జర అలవాటు కావాలె," అన్నాడు జగపతి రావు. రెండోసారీ అంతే. "నీ బరువు..." అని మొదలుపెట్టి, ఆమె చూపు చూసి, "...అంత ఎన్కకే పడుతున్నది," అని ముగించాడు.

"సురేశ్‌కు ఒక్క ఫోన్ కొడ్తె తెలుస్తది గదా."

"బామ్మర్దిని అడుగుడా? నేనా?"

నాలుగూళ్లకు తీర్పులు చెప్పిన తాతకు మనవడు. బావమరిదికి ఫోన్ చేసి స్ప్రింగు ఎక్కడుందని ఎలా అడుగుతాడు? సత్యవతి సైకిలు దిగి గోడకు ఆనించింది. రేపటి గుట్ట ఆమె కళ్ల ముందే ఒక మెట్టు పెరిగింది.

అంతలో గదిలోంచి చిన్నవ్వ కేక. "జగ్గూ, గీ మిషన్ వెట్టి నా బీపీ జూడురా!"

తెలియదని చెబితే అయిపోయేది. కాని ఖర్జూరం రుచి చూడడానికి వచ్చిన పక్కింటి నీల అక్కడే నిలబడి ఉంది. జగపతి రావు గొట్టం కొసను చిన్నవ్వ మణికట్టుకు ఒత్తిపెట్టి, పిడి పట్టుకొని గంభీరంగా గాలి కొట్టాడు. ముల్లు కదలలేదు.

"ఎంతున్నదిరా?"

"సున్నా."

"సున్నా అంటె?"

"ఇంకోపారి జూడన్నా," అంది నీల. ఇంకోసారి చూసినా సున్నాయే.

"మిషన్ గిట్ల ఖరాబున్నదా?"

"దుబాయ్ మాల్ నీలా. అబద్ధం జెప్పది."

అప్పటిదాకా రెండోసారి ఉప్మా ఎప్పుడు పెడతారా అని చూస్తున్న చిన్నవ్వ మెల్లగా నేల మీద ఒరిగింది. "నా కాళ్లు సల్లగైతున్నయే," అంది. గచ్చు మీద పడుకుంటే ఎవరి కాళ్లయినా చల్లబడతాయని సత్యవతి అంటూనే ఉంది. నీల అప్పటికే సిరిసిల్లలోని చిన్నవ్వ కూతురు ఇంద్రజకు ఫోన్ కలిపింది. "అక్కా, అవ్వ బీపీ సున్నకచ్చింది. పరేషాన్ గాకుండ్రి. మెల్లగ రాండ్రి. కాని జెల్ది రాండ్రి."

మధ్యాహ్నానికి గేటు ముందు వ్యాను ఆగింది. ఇంద్రజ, ఆమె అత్తగారి తరఫు వాళ్లు, బండి నడిపి తెచ్చిన వాళ్ల పక్కింటి మధుకర్ దిగారు. మధుకర్‌కు సిరిసిల్లలో చీరలు నేసే సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉన్నాయి. అతని తండ్రి బుచ్చయ్య నాటి నుంచి ఈ ఇంటికి చీరలు అమ్మేది వాళ్లే. ఇంద్రజ గేటు దగ్గరే గొంతెత్తి ఏడుపు అందుకుంది.

ఆ ఏడుపు విని చిన్నవ్వ లేచి, చెంగు సర్దుకొని, వసారాలోకి వచ్చింది. "ఎవలు వోయిండ్రే?"

ఇంద్రజ ఏడుపు సగంలో ఆగింది. మధుకర్ చంకలోని పొట్లాన్ని వీపు వెనక్కి జరిపాడు.

"గదేందిరా మధుకరూ?"

"ఏం లేదవ్వా. చీర."

"ఎవలికి?"

మధుకర్ ఇంద్రజ వైపు చూశాడు. పోయిన మనిషి మీద కొత్త చీర కప్పడం అక్కడ అందరికీ తెలిసిన ఆచారమే. చిన్నవ్వ పొట్లం లాక్కొని విప్పింది. చీరను వెలుతురుకు పట్టి చూసింది. అంచు రుద్దింది.

"బతికున్నన్నొద్దులు ఒక్క రుమాలన్న తెచ్చినవారా? నేను పోయేదాక ఆగినవు. అంచు మంచిగనే ఉన్నది. లోపల వెట్టు సత్యా, రేపు కట్టుకుంట."

నీల పిలుచుకొచ్చిన డాక్టరు అప్పుడే వచ్చాడు. తన మిషన్ తీసి, చిన్నవ్వ జబ్బకు పట్టీ చుట్టి, ఉబ్బించి చూశాడు. "నూట యాభై. సున్నా గాదు, జర ఎక్కువే. ఊరగాయ బంద్ జెయ్యండమ్మా."

"గీయన మిషన్ మంచిది గాదు," అంది చిన్నవ్వ.

సత్యవతి ఆ పట్టీనే చూస్తోంది. డాక్టరు గొట్టం కొసకు పట్టీ ఉంది. తమ గొట్టం కొసకు ఇత్తడి మర ఉంది. ఏ డబ్బాకు ఏ మూతో ఇరవై అయిదేళ్లుగా వంటింట్లో తేల్చుకుంటున్న మనిషి ఆమె. మర ఉందంటే దాన్ని ఎక్కించే చోటు ఎక్కడో ఉండాలి. పొద్దున కొత్త షాక్ అబ్జార్బర్ పక్కన చిటికెన వేలంత నల్ల మూత చూసినట్టు గుర్తొచ్చింది.

ఆమె వసారాలోకి వెళ్లి మూత విప్పింది. గొట్టం మర అందులోకి తిప్పగానే ఎక్కింది. పిడి పట్టుకొని కొట్టడం మొదలుపెట్టింది. పొద్దుటి నుంచి సున్నా దాటని ముల్లు కదిలింది. కొడుతూ ఉంటే, బర్రె లేచినట్టు సైకిలు వెనక భాగం మెల్లగా పైకి లేచింది.

"బీపీ మిషన్ సైకిలుకు వెట్టినవా?" అన్నాడు జగపతి రావు.

"దీని మిషనే ఇది. దీంట్ల స్ప్రింగు లేదు, గాలే స్ప్రింగు."

ఆమె ఎక్కి కూర్చుంది. సైకిలు కొంచెం వంగి, ఆగి, ఆమెను మోసింది. వ్యానులో వచ్చినవాళ్లంతా జగపతి రావు వైపు చూశారు.

"ఎవలు కనిపెడ్తరో సూద్దామనే ఊకున్న," అన్నాడతను.

పోయిన మనిషిని చూడడానికి వచ్చినవాళ్లకు చూడడానికి ఏదో ఒకటి కావాలి కదా. ఆదివారం పొద్దున వ్యాను జగిత్యాల దారి పట్టింది. ముందు సీట్లో కొత్త చీర కట్టుకొని చిన్నవ్వ కూర్చుంది.

గుట్ట దిగే చోట దారి నిండా రాళ్లే. ముందు పోతున్నవాళ్లు కొందరు సైకిలు దిగి నెట్టుకుంటూ నడిచారు. సత్యవతి దిగలేదు. వెనక చక్రం ఎగిరింది, పడింది, ఆమె నడుము మాత్రం నిబ్బరంగా ఉంది. మూడో స్థానంలో గీత దాటింది. ఎర్రమట్టి కొట్టిన ముఖంతో సైకిలు ఆపినప్పుడు చిన్నవ్వ గొంతు మైకును మించి వినిపించింది. "గామె మా కోడలు! దొరలింటి కోడలు గుట్ట దిగితె గట్లనే దిగుతది!"

సురేశ్ వీడియో కాల్ చేశాడు. "బావా, షాకబ్జర్ ఎవలు బిగించిండ్రు?"

"నేనే."

"మరి గాలి ఎంత వెట్టాల్నో ఎట్ల తెలిసింది? నేను చెప్పుడు మర్చిపోయిన."

జగపతి రావు చుట్టూ చూశాడు. ఇంద్రజ, మధుకర్, నీల అందరూ వింటున్నారు. అతను గొంతు పెంచాడు. "మీ అక్క! ఎవ్వల్ని అడుగలే. ఆమెనే కనిపెట్టింది."

మట్టి తుడుచుకుంటున్న చెంగును సత్యవతి ముఖం మీదే ఇంకాసేపు ఉంచుకుంది.

ఆ మిషన్ ఇప్పుడు వసారాలో మేకుకు వేలాడుతోంది. సత్యవతి చేనుకు బయలుదేరే ముందు సైకిలుకు గాలి చూసుకుంటుంది, ఆ తర్వాత చిన్నవ్వ చెయ్యి చాపుతుంది. ముల్లు సున్నా దగ్గరే ఉందని చూసుకొని, బీపీ ఎక్కువ లేదంటే ఏ రోగమూ లేనట్టేనని ఊరగాయ జాడీ మూత తీస్తుంది.