స్టాకు అయిపోయేవరకు

విషాన్ని నిషేధించకండి మహాప్రభో! మీకు పుణ్యముంటుంది.

ఈ మధ్య పేపర్ తెరిస్తే చాలు, ఫ్యాక్టరీ కెమికల్స్ మీద ఒకటే గోల. లివరట, నరాలట! ఇంతకాలం అవి మన ఇళ్ళకు చేసిన మేలు గురించి ఒక్కరైనా రాశారా?

మా ఇంటినే తీసుకోండి. మా ఆవిడ ఇనప సామాన్ల వర్క్‌షాపులో, బోల్టుల జిడ్డు కడిగే గదిలో పనిచేస్తుంది. ఆ ద్రావకంలో ముంచితే ఎంత మొండి జిడ్డయినా వదలాల్సిందే. మా ఆవిడ వేళ్ళకైతే చర్మం కూడా వదిలింది! తలనొప్పితో ఇంటికొచ్చి, వచ్చిన మనిషి వచ్చినట్టే పడుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో రోజూ పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు మాటా లేదు, మంతీ లేదు. ఇంతటి దాంపత్య శాంతి ఏ కౌన్సెలింగ్ ఇస్తుంది చెప్పండి?

అయినా ప్రభుత్వం వినలేదు. ఆ ద్రావకాన్ని నిషేధించింది. కాకపోతే మనసున్న ప్రభుత్వం కాబట్టి, ఉన్న స్టాకు అయిపోయేవరకు వాడుకోవచ్చంది. వర్క్‌షాపు ఓనరు చట్టమంటే ప్రాణమిచ్చే మనిషి. "స్టాకు అయిపోయాక చుక్క వాడితే నన్నడగండి" అని అందరి ముందూ ఒట్టేశాడు. ఆ ఒట్టు ఎక్కడ తప్పాల్సి వస్తుందోనని, ఆఖరి డబ్బా మూత తీయకముందే కొత్త లోడు దింపించుకుంటున్నాడు. అమ్మేవాడి దగ్గరా స్టాకు ఇంకా అయిపోలేదు మరి!

"కళ్ళు తిరుగుతున్నాయండీ, ఇది మానేద్దాం" అని మా ఆవిడ ఓనర్ని అడిగి చూసింది.

"కొత్తది తెప్పించానమ్మా" అన్నాడు. నిజంగానే తెప్పించాడు. నిమ్మతొక్కల నుంచి తీసిందట, ఒంటికి హాని లేదట. తన ఏసీ గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. అంత ఖరీదైన సరుకును ఎవరైనా జిడ్డుకు తగలనిస్తారా?

తనిఖీ రోజున మాత్రం, ఆడవాళ్ళు పనిలోకి రాకముందే, కడిగే గదంతా దాన్ని చిలకరించారు. ఇన్‌స్పెక్టరుగారు గుండెల నిండా పీల్చి, "తోటలోకి వచ్చినట్టుందయ్యా!" అని మురిసిపోయారు. మా ఆవిడ వైపు తిరిగి, "ఏమ్మా, కొత్త సరుకు వాసన బాగుందా?" అన్నారు.

"ఇంకా మూతే తియ్యలేదు కదండీ" అంది మా ఆవిడ.

భలే జోకు వేసిందని అందరూ నవ్వారట. ఆయన సంతకం పెట్టి వెళ్ళిపోయారట. సాయంత్రం ఆ సంగతి చెప్పి తనూ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, భయం వేసింది. ఆవిణ్ణి కళ్ళు మూసుకుని వాసన చూడమని, అప్పుడే కోసిన నిమ్మచెక్క ఆవిడ ముక్కు కింద పట్టుకున్నాను.

"వాసన చూడమన్నారుగా, తొందరగా పెట్టండి. నిద్రొస్తోంది" అంది.

పెట్టే ఉన్నాను.