అద్దాలాయన కొత్త బారెల్

ఆ శనివారం ఉదయం అద్దాలాయన వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి లేదు. ఏడింటికి టిఫిను, ఎనిమిదింటికి రైఫిల్ క్లబ్బు, పదకొండు లోపల మూడు రకాల తూటాలు పేల్చి కొత్త బారెల్‌కి ఏది నప్పుతుందో తేల్చుకోవడం, పన్నెండింటికల్లా కళ్ళజోళ్ళ షాపు తెరవడం. పథకాన్ని కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. జేబులో ఉందో లేదో మూడుసార్లు తడిమి చూసుకున్నాడు. మనిషి తీరే అంత. షాపుకి తాళం వేసి సందు చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి తాళం లాగి చూస్తేగాని ఆయనకి అన్నం సయించదు.

"ఏమండీ, నాకిచ్చిన మాట గుర్తుందిగా?" అంది భార్య, ఫ్లాస్కు చేతికిస్తూ.

గుర్తు లేకేం. ఆరేళ్ళుగా ఆయన క్లబ్బు టీములో రిజర్వు. రిజర్వు అంటే మిగతా నలుగురి చాపలూ మోసి, వాళ్ళు పేలుస్తుంటే పక్కన కూర్చుని చప్పట్లు కొట్టేవాడు. కిందటేడు పోటీ నుంచి ఇంటికొచ్చి, స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడిచాడు. కుళాయి చప్పుడులో వినబడదనుకున్నాడు పాపం. మర్నాడు ఆవిడ, "మిమ్మల్ని ఇంకో ఏడు ఇలా చూడటం నావల్ల కాదు. వచ్చేసారి టీములోకి తీసుకోకపోతే ఆ రైఫిల్ క్లబ్బుకిచ్చేయండి" అని మాట తీసుకుంది. ఆ ఎంపిక ఇంకో ఎనిమిది రోజుల్లో, ఆదివారంనాడు. టీములో మూడు చోట్లు ఎప్పుడో ఖాయమయ్యాయి. మిగిలింది నాలుగోది, ఆ రోజు ఎవరు బాగా పేలిస్తే వాళ్ళది.

అందుకే కొత్త బారెల్. బారెల్ లోపల మెలితిరిగిన గాడులుంటాయి. తూటాని గింగిరాలు తిప్పి వదిలేవి అవే. మెలిక బిగువుగా ఉంటే పొడుగాటి బరువు తూటాలు నప్పుతాయి, వదులుగా ఉంటే తేలికవి. ఆరువందల మీటర్ల దూరం పోయేసరికి గాలి తూటాని పక్కకి నెట్టేస్తుంది గనక బరువుదే మేలంటారు. ఈ సంగతి తేల్చుకోవడానికి అద్దాలాయనకి నాలుగు నెలలు పట్టింది. రోజుకి రెండు ఫోన్లు భరించలేక తుపాకుల మేస్త్రి ఫోను తన భార్యకి ఇచ్చేసేవాడు. ఇప్పుడు ఆవిడకి కూడా బారెళ్ళ గురించి బాగా తెలుసు.

క్లబ్బులో ఆయనది ఏడో నంబరు చోటు. పక్కనే ఎనిమిదిలో ఆయన బావమరిది, ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కు. ఈ మహానుభావుడు షాపులో ఏ తూటాలుంటే అవే కొంటాడు. ఎన్ని పేల్చాడో లెక్కపెట్టడు. పేలుస్తూ కూడా కబుర్లు చెబుతాడు. పక్కనే ఇల్లు తగలబడుతున్నా నిమ్మకు నీరెత్తినట్టు ఉండే రకం.

అద్దాలాయన చాప పరుచుకుని బోర్లా పడుకున్నాడు. మోచేతి కింద చిన్న రాయి. దాన్ని తీసేస్తే పోయేది. కానీ దాని కింద ఇంకో రాయి ఉంటే? చాపని కాస్త పక్కకి తిప్పుకుని, ఒళ్ళంతా కుదురుగా సర్దుకుని, రైఫిల్ మీద బిగించిన దుర్బిణి, అదే స్కోపులో చూశాడు. కొత్త స్కోపు కూడా కావడంతో టార్గెట్ కళ్ళముందుకొచ్చి నిలబడింది. ఊపిరి బిగబట్టి అయిదు తూటాలు పేల్చాడు. అందరూ ఆగాక జీపెక్కి టార్గెట్ల దగ్గరికి వెళ్ళి చూస్తే, ఏడో కాగితం మీద ఒక్క చిల్లు లేదు.

"తేలిక తూటాలు కదా బావా, గాలికి కొట్టుకుపోయుంటాయి" అన్నాడు బావమరిది.

కాగితాలు మార్చారు. మధ్యరకం తూటాలు అయిదు పేల్చాడు. చిల్లు లేదు. బరువువి అయిదు పేల్చాడు. కాగితం ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. అద్దాలాయన దాన్ని వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"ఇటు చూడండి బావా!" అని బావమరిది తన మూడు కాగితాలూ పరిచాడు. ప్రతిదాని మీదా బోలెడు చిల్లులు చిందరవందరగా ఉన్నాయిగాని, మధ్యలో మాత్రం ఓ అయిదు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉన్నాయి. మూడోదాని మీద ఆ అయిదూ నిమ్మకాయ కింద దాగిపోయేలా ఉన్నాయి. "మొదట్లో చెయ్యి కుదరదు నాకు. కుదిరిందంటే ఇంక అంతే!"

అద్దాలాయన తిన్నగా తుపాకుల మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు. మేస్త్రి బారెల్‌ని విప్పి, లోపలికి దీపం వేసి చూశాడు. "నిక్షేపంలా ఉందండీ" అన్నాడు.

"అయితే స్కోపు?"

"అదీ బావుంది."

"మరైతే…" అని అద్దాలాయన ఆగిపోయాడు. బారెల్ బాగుండి, స్కోపు బాగుండి, చేతులు వణకకపోతే ఇక మిగిలింది కళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కళ్ళు చూస్తున్న మనిషికి తన కళ్ళ మీద అనుమానం వచ్చింది. అనుమానం పెనుభూతం అన్నారు. ఆ భూతం ఆదివారమంతా ఆయన మంచం మీదే పడుకుంది.

సోమవారం పొద్దున్నే షాపులో పేషెంట్ల కుర్చీలో తానే కూర్చుని, ఒక కన్ను మూసుకుని గోడమీద అక్షరాలు చదివాడు. అన్నీ గడగడా వచ్చేశాయి. అక్కడే చిక్కొచ్చింది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న అట్ట అది. చివరి వరుసతో సహా కంఠతా వచ్చు. ఇప్పుడు తను చదివాడా, అప్పజెప్పాడా?

"నిజంగా కనబడుతోందా, లేక ఊరికే అనేస్తున్నానా? ఏమీ తెలియడం లేదే!" అని పైకే అన్నాడు.

సరిగ్గా అప్పుడే కొత్త కళ్ళజోడు కోసం రిటైర్డు లైబ్రేరియన్ ఒకావిడ తలుపు తోసుకుని వచ్చింది. కుర్చీలో డాక్టరే కూర్చుని, ఒక కన్ను మూసుకుని, కనబడటం లేదని గోల పెడుతున్నాడు. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. లైబ్రరీలో ముప్ఫై ఏళ్ళు నోరు మూసుకుని పనిచేసిన మనిషి కదా, ఆ బాకీ అంతా ఆ ఒక్కరోజే ఇంటింటికీ చెప్పి తీర్చేసుకుంది. మధ్యాహ్నానికి ముగ్గురు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నారు. సాయంత్రం ఎవరో పెద్దాయన షాపుకొచ్చి, అద్దాలాయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి మరీ వెళ్ళాడు. అద్దాలాయనకి దాటాల్సిన పనేం లేదు.

బుధవారం క్లబ్బు సెక్రటరీ ఫోను చేసింది. కోర్టులో గుమాస్తాగా చేసి వచ్చిన మనిషి, ఏదైనా కాగితం మీద ఉండాలి ఆవిడకి.

"మీకు చూపు పోయిందట కదండీ?"

"అయ్యో, పోలేదండీ! పోయిందేమోనని అనుమానం, అంతే!"

ఈ ముక్క అనకుండా ఉండాల్సింది. "అనుమానమున్న మనిషి చేతికి రైఫిల్ ఎలా ఇమ్మంటారు? రేపేదైనా జరిగితే క్లబ్బు మూసుకోవాలి. ఆదివారం రండి. నా ఎదురుగా స్కోపులో చూసి, నేనడిగింది చదవాలి. చదివితేనే పేల్చేది" అని పెట్టేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు. అద్దాలాయనకి అన్నం నోట్లోకి పోవడం మానేసింది. గురువారమంతా షాపు తలుపు వేసుకుని, బావమరిది ఇచ్చిన మూడు కాగితాలనీ భూతద్దం కింద పెట్టి కొలిచాడు. కొలిచేకొద్దీ ఆయనకి ఒక సత్యం గోచరించింది. తూటాలు చిందరవందరగా మొదలై చివరికి ముద్దగా పడుతున్నాయంటే, వేడెక్కాక కుదురుకునే బారెల్ అన్నమాట! లక్షల్లో ఒకటి దొరుకుతుంది అలాంటిది. దొరికి దొరికి బావమరిది చేతిలో పడింది. రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే చెప్పాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఆ బారెల్‌తో వాడు ఈ జన్మలో ఒక్క పోటీ గెలిచాడా?" అంది భార్య.

"అదే కదా! దాని విలువ వాడికి తెలీదు!"

శుక్రవారం బావమరిది ఇంటికెళ్ళి, నోరు పెగుల్చుకుని అడిగాడు. "ఒరేయ్, నీ బారెల్ నాకిచ్చి నాది నువ్వు తీసుకుంటావా?"

"అదేంటి బావా, అది పాతదీ, మీది కొత్తదీ!"

"పర్లేదురా. నీ తూటాలు కూడా రెండు పెట్టెలివ్వు."

"మీ ఇష్టం. పదండి" అన్నాడు వాడు. రెండు రైఫిళ్ళూ ఒకే రకానివి. మేస్త్రి నోరెత్తకుండా బారెళ్ళు మార్చాడు. వాళ్ళు వెళ్ళాక మాత్రం భార్యని పిలిచి చెప్పాడట, ఆవిడ కూడా నమ్మలేదట.

ఆదివారం వచ్చింది. భార్య కూడా వెంట వచ్చింది. "ఏమైనా సరే, ఇంటికెళ్ళి కుళాయి మాత్రం తిప్పకండి" అంది మెల్లిగా. అద్దాలాయన మొహం పాలిపోయింది.

ఏడో నంబరు చోట చాప పరిచాడు. ఆ రాయి అక్కడే ఉంది. అలవాటు ప్రకారం చాప పక్కకి తిప్పి పడుకున్నాడు. సెక్రటరీ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. ఎనిమిదో చోట బావమరిది, వెనకాల మేస్త్రి, చుట్టూ క్లబ్బువాళ్ళు.

"టార్గెట్ కనబడుతోందా?"

"కనబడుతోందండి."

"దాని కింద బోర్డు మీద నంబరుంటుంది, చదవండి."

ఇన్నేళ్ళలో ఆయన ఆ బోర్డు జోలికి పోలేదు. దృష్టి చెదురుతుందని భయం. రైఫిల్‌ని వెంట్రుకవాసి దించాడు. నంబరు స్పష్టంగా కనబడింది. కళ్ళు భేషుగ్గా ఉన్నాయి! ప్రాణం లేచొచ్చింది.

"ఎనిమిదండీ!" అన్నాడు సంబరంగా.

సెక్రటరీ కాగితం మీద రాసుకుంది. "మంచిది. మీరు పడుకున్నది ఏ నంబరులో?"

అద్దాలాయన మోచేతి దగ్గర నంబరు రాసి ఉన్న మేకు వైపు చూశాడు. పక్కకి తిరిగి ఉన్న తన చాపని చూశాడు. "ఏడు" అన్నాడు.

 మేస్త్రి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నవ్వుతున్నవాడిలా, కింద కూలబడి నవ్వాడు. బావమరిదికి అందరికంటే ఆలస్యంగా వెలిగింది. "అంటే బావా… ఆ అయిదేసి చిల్లులూ మీవా?"

"నావే."

"మరి నావి?"

"మిగతావి."

చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అద్దాలాయన తన గురిని తనే మెచ్చుకుని, ఆ గురి కుదిర్చిన బారెల్‌నే బావమరిదికి ఇచ్చేశాడు. "ఇప్పుడు మార్చొచ్చా?" అన్నాడు మేస్త్రి వైపు తిరిగి. మేస్త్రి కళ్ళు తుడుచుకుంటూ, "రెండు గంటల పనండీ" అన్నాడు. సెక్రటరీ గడియారం చూసి, "పావుగంటలో మొదలు" అంది.

అద్దాలాయన రాయిని తీసేశాడు. దాని కింద ఇంకో రాయి లేదు. చాప తిన్నగా వేసి పడుకున్నాడు. విచిత్రం, ఆయన గుండె దడదడలాడటం లేదు. కళ్ళు బాగున్నాయి, చేతులు బాగున్నాయి. పాత బారెల్, ఏరుకోని తూటాలు. ఇక అనుమానించడానికి మిగిలిందేమిటి? తప్పితే తప్పు బారెల్‌దని ఊరంతటికీ తెలుసు. ఆరేళ్ళలో మొదటిసారి ఆయన ఏమీ ఆలోచించకుండా పేల్చాడు.

బావమరిదికి అదే మొదటిసారి ఆలోచించడం. "బావా, దీనికి బరువువేనా? గాలి ఎటుంది? నేను చూస్తున్నది ఎనిమిదేనా?" అని ప్రతి తూటాకీ ముందు అడుగుతూనే ఉన్నాడు. వారం రోజులుగా ఊళ్ళో ఆ ముద్దల గురించి గొప్పలు చెప్పుకుని ఉన్నాడు మరి. లోకంలోకెల్లా మంచి బారెల్‌తో వందకి అరవై ఒకటి తెచ్చుకున్నాడు.

అద్దాలాయనకి తొంభై మూడు. నాలుగో చోటు ఆయనది. సెక్రటరీ పేరు చదవగానే భార్య గబగబా వచ్చి, అందరి ముందూ ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఆయనా ఏడ్చాడు. ఈసారి కుళాయి అక్కర్లేకపోయింది.

"బారెల్‌దేముందండీ, పేల్చే మనిషిని బట్టి" అన్నాడు మేస్త్రి.

"ఒక్క నియమం" అంది సెక్రటరీ, కాగితం తిప్పుతూ. "ఏ బారెల్‌తో, ఏ తూటాలతో ఎంపికయ్యారో, అసలు పోటీలోనూ వాటితోనే పేల్చాలి."

అద్దాలాయన తలూపి, సంతకం చేసి, మేస్త్రిని పక్కకి తీసుకెళ్ళి, ఇంత పాత బారెల్ పోటీ దాకా ఆగుతుందంటారా అని అడిగాడు.