ఎవరూ కాదనలేదు

ఇకమీదట మున్సిపాలిటీ ఆఫీసులో గుట్టన్నదే ఉండదట, లోపల దగ్గినా బయట వీధిలో పెట్టిన తెర మీద పడుతుందట అని పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా చెప్పిందట. గుమాస్తా భార్య ఆ కబురును కాఫీతో పాటు భర్తకు అందించింది.

"దగ్గులు పడవులే. మాటలే," అన్నాడు గుమాస్తా.

"ఏవైతేనేం! ఇవాళ మీటింగులో మా అమ్మావాళ్ళ వీధి గొట్టం సంగతి తేల్చుకు రండి. పాపం, నీళ్ళు లేకే కదా ఇక్కడ సర్దుకుంటోంది."

ఆమె చెప్పనక్కరలేదు. గొట్టం పగిలిన నాడు రెండు చీరలతో దిగిన అత్తగారు ఇప్పుడు గుమాస్తా మంచం మీద సర్దుకుంటోంది. గుమాస్తా వంటింటి గుమ్మంలో సర్దుకుంటున్నాడు. ఆయన కూరలో ఉప్పెంతో, నిద్రలో గురకెంతో కూడా ఆవిడే నిర్ణయిస్తోంది. ప్రజల దాహం తీర్చాలన్న తపన ఆ ఉదయం ఆయనలో పొంగిందంటే వింతేముంది?

కొత్త యంత్రం సమావేశం గదిలో బల్ల నడుమ బోర్లించిన చెంబులా కూర్చుని ఉంది. సభ ఏది తీర్మానిస్తే అది ఆ క్షణమే వీధి తెర మీదికీ, పని చెయ్యవలసిన సిబ్బంది ఫోన్లలోకీ పోతుంది. ఇంజనీరు దానికి పాత సమావేశాల రికార్డులన్నీ వినిపించి పని నేర్పాడు. ఆ సమావేశాల్లో జరిగేది ఒకటే. ఒకరు ఏదో చదువుతారు, కౌన్సిలర్లు ఉలకరు పలకరు, ఆమోదమైపోతుంది. ఇంట్లో చూసిందే పిల్లలు నేర్చినట్టు యంత్రమూ అదే నేర్చింది. ఎవరైనా ఒక మాట అన్నాక, ఊపిరి పీల్చి వదిలేలోగా ఇంకొకరు కాదనకపోతే అది తీర్మానం. ఈ సంగతి ఆ ఇంజనీరుకే తెలియదు.

గుమాస్తా అందరికంటే ముందొచ్చి కుర్చీలు దులిపాడు. "అధ్యక్షురాలి కుర్చీ నిండా నల్లులే. పట్టుకెళ్ళి తగలెయ్యాలి," అని గొణుక్కున్నాడు. నల్లులు కాదనలేదు.

అంతలో భార్య ఫోను. "ఏమండీ, అమ్మ మీ బట్టలన్నీ బీరువాలోంచి తీసి అటక మీద పెట్టేసింది. తన చీరలకు చోటు చాల్లేదట."

గుమాస్తాకు తిక్కరేగింది. "మీ అమ్మ సాయంత్రానికల్లా మనింట్లోంచి వెళ్ళిపోవాలి!"

ఆమె ఠక్కున ఫోను పెట్టేసింది. గది నిశ్శబ్దమైంది.

కాసేపటికి పారిశుద్ధ్య మేస్త్రి వచ్చి కుర్చీని భుజానికెత్తుకున్నాడు.

"ఎక్కడికయ్యా?"

"తగలెయ్యడానికండి. తీర్మానం కదా, అదీ ఏకగ్రీవం!"

గుమాస్తా కిటికీలోంచి చూశాడు. వీధి తెర మీద రెండు తీర్మానాలు మెరుస్తున్నాయి, జనం తలలెత్తి చదువుతున్నారు. 'గుమాస్తా అత్తగారు సాయంత్రానికల్లా ఇల్లు వదలాలి. ఏకగ్రీవం.' అది చదివాక ఆయనకు కుర్చీ మీద దిగులు పోయింది.

అధ్యక్షురాలు వచ్చేసరికి పెరట్లో పొగ లేస్తోంది. కౌన్సిలర్లు అప్పటికే కునుకు మొదలుపెట్టారు. "నా కుర్చీ తగలబడుతుంటే మీకు నిద్రా? ఈ గదిలో ఫ్యాన్లు పీకించాలి!" అందావిడ. అందరూ అలవాటుగా తలలు వంచారు. మరు నిమిషంలో ఎలక్ట్రీషియన్ నిచ్చెనతో లోపలికొచ్చాడు.

ఇంజనీరుకు ఫోను చేస్తే, ఆలోచించి చెప్పాడు. "మౌనం అర్ధాంగీకారం అనుకుంటోందండి."

"సగమే కదయ్యా! మిగతా సగం ఎవరిస్తున్నారు?"

"మీరెవరూ మాట్లాడకపోతే అదే వేసుకుంటోందండి."

అంతే. ఏళ్ళ తరబడి నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నవాళ్ళకు ఒక్కసారిగా నోళ్ళు లేచాయి.

"పాత తీర్మానాలు రద్దు చేద్దాం."

"నేనొప్పుకోను!"

"పోనీ, కిటికీ తెరుద్దాం."

"వీల్లేదు!"

"నమస్కారం మేడం, ఆలస్యమైంది."

"అభ్యంతరం!"

గుమాస్తా గొంతు చించుకుని గొట్టం సంగతి చదివాడు. నలుమూలల నుంచీ "ససేమిరా!" అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది ఆ వీధి కౌన్సిలరే.

అప్పుడు గుమ్మంలో అత్తగారు ప్రత్యక్షమైంది. చేతిలో సంచి. వెనక గుమాస్తా భార్య, ఆ వెనక తెర మీది కబురు మోసుకెళ్ళిన పక్కింటి పిన్నిగారు.

"నోళ్ళు ముయ్యండి!" అంది అత్తగారు.

ఆ గొంతుకు బెదిరి మూశారు. 'సభ్యులందరూ నోళ్ళు ముయ్యాలి. ఏకగ్రీవం.' వీధిలో చప్పట్లు మోగాయి. తీర్మానమయ్యాక తెరిచే ధైర్యం ఎవరికుంది?

"మా వీధి గొట్టం ఇవాళే బాగుచెయ్యాలి."

ఎవరూ కాదనలేదు. కింద మరమ్మతుల బండి బయల్దేరిన చప్పుడు వినిపించింది. అక్కడ కుళాయి కంటే ముందు ఇక్కడ గుమాస్తా కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"చూశారా అత్తయ్యగారూ! ఇక మీరు హాయిగా మీ ఇంటికి..."

"వెళ్ళను! ఊరంతా చదివేలా తెర మీద రాయించి నన్ను గెంటుతావా? నీళ్ళొస్తే రానీ. బతికున్నన్నాళ్ళూ నీ ఇంట్లోనే, ఆ మంచం మీదే ఉంటా!"

గుమాస్తా సభ్యుడు కాడు, కాబట్టి నోరు తెరవచ్చు. ఒక్క 'కాదు' చాలు. భార్య వంక చూశాడు. ఆమె రెప్ప వెయ్యకుండా ఆయన్నే చూస్తోంది.

గుమాస్తా ఊపిరి పీల్చి, వదిలాడు.