డ్రమ్ దళంలో పసిపాప

ఆ శనివారం ఉదయానికి టకర్ ఓల్డ్‌హామ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారగానే పాత ట్రక్కు వేసుకుని శిబిరం జరిగే జిమ్ముకు చేరాలి. సంచిని బట్టలు మార్చుకునే గదిలో ఓ మూల పెట్టాలి. రెండు రోజులు ప్రాణం పెట్టి డ్రమ్ము వాయించాలి. విరామం దొరికినప్పుడల్లా పరుగున వెళ్లి సంచిలోని పిల్లను చూసుకోవాలి. అంతే. పేరు టకరే గాని టక్కరితనం వంటపట్టని కుర్రవాడు కాబట్టి, పిల్లలు విరామాలు చూసుకుని ఏడవరన్న సంగతి అతనికి తట్టలేదు.

పిల్ల అంటే రబ్బరు పిల్ల. వాళ్ల హైస్కూల్లో ఆరోగ్యం క్లాసు తీసుకున్న ప్రతివాళ్లూ ఒక శని, ఆదివారాలు ఆ బొమ్మకు అమ్మో నాన్నో అయి తీరాలి. దాని పొట్టలో యంత్రం ఉంది. బుద్ధి పుట్టినప్పుడల్లా ఏడుస్తుంది. పాలసీసా కావాలో, గుడ్డ మార్చాలో, ఊపాలో మనమే కనిపెట్టాలి. ఎంతసేపు ఏడిపించాం, మెడ ఎన్నిసార్లు వాల్చేశాం అన్నీ లోపల గుర్తుపెట్టుకుని సోమవారం టీచరుకు పూసగుచ్చినట్టు చెప్పేస్తుంది. టకర్ మణికట్టుకు టీచరు ఒక పట్టీ బిగించింది. ఆ పట్టీ తగిలితే తప్ప ఎవరెత్తుకున్నా అది ఊరుకోదు.

"ఈ వారం తప్ప ఏ వారమైనా ఇవ్వండి మిసెస్ హాబర్," అని బతిమాలాడు టకర్.

"పిల్లలు క్యాలెండరు చూసుకుని పుట్టరు నాయనా," అంది టీచరు, బొమ్మను చేతిలో పెట్టి.

టకర్ బాధ వేరు. లాంతర్ గార్డ్ అన్న డ్రమ్ దళంలో చేరాలని అతను పన్నెండో ఏట నుంచి కలలు కంటున్నాడు. వేసవి అంతా బస్సుల్లో ఊరూరా తిరిగి, స్టేడియం నిండా జనం చూస్తుండగా మిగతా దళాలతో పోటీపడే వాళ్లు. ఆ దళంలో ఈసారి స్నేర్ అనే చిన్న డ్రమ్ము వాయించేవాళ్ల వరుసలో ఒక్క చోటు ఖాళీ అయింది. దానికి ఎంపిక ఈ రెండు రోజుల్లోనే. స్కూలు బస్సు నడిపే వాళ్లమ్మ డెనీస్ ముందే కచ్చితంగా చెప్పేసింది. "ఏ ఒక్క సబ్జెక్టులో బి కంటే తగ్గినా డ్రమ్ములూ లేవు, గిమ్ములూ లేవు." ఆరోగ్యం క్లాసులో ఒక పరీక్ష ఇప్పటికే పోయింది. ఈ బొమ్మ మార్కు కూడా పోతే వేసవి పోయినట్టే. బొమ్మ సంగతి చెబితే అమ్మ శిబిరం మానమంటుందని అతను చెప్పలేదు. శిబిరంలో చెబుదామా అంటే, అక్కడ గుమ్మంలోనే ఓడెల్ కీల్ నిలబడి ఉన్నాడు.

ఓడెల్ కీల్ డ్రమ్ముల గురువు. మనిషి సన్నం, గొంతు లావు.

"ఇక్కడ హోంవర్కు లేదు, ప్రాజెక్టు లేదు, సైన్సు ఫెయిరూ లేదు. బడి గొడవ ఈ గుమ్మం దాటి లోపలికొచ్చిందా, తెచ్చినవాడు గుమ్మం దాటి బయటికి పోతాడు. ఇంట్లో కష్టమొస్తే అది వేరు. ఇంటి కష్టాన్ని నేనెప్పుడూ కాదనను. అర్థమైందా?"

"అర్థమైంది సార్!" అని అందరూ అరిచారు. టకర్ అందరికంటే గట్టిగా అరిచాడు.

స్నేర్ కోసం వచ్చినవాళ్లను ఒకే వరుసలో నిలబెట్టారు. టకర్ పక్కన ఇంగ్రిడ్ అనే ఒహాయో అమ్మాయి. ఆమె చేతులు ఆడుతుంటే డ్రమ్ము పుల్లలు కనబడటం లేదు, చప్పుడు మాత్రం వినబడుతోంది. గట్టి పిల్లే అనుకుని టకర్ కూడా ఊపందుకున్నాడు. సరిగ్గా అప్పుడే బట్టల గది వైపు నుంచి సన్నగా ఏడుపు మొదలైంది.

"సార్, పొట్ట బాగాలేదు," అని పరుగెత్తాడు. పాలు కావాలిట. పట్టి వచ్చాడు. కాసేపటికి మళ్లీ ఏడుపు. మళ్లీ పొట్ట. ఈసారి గుడ్డ మార్చాలిట.

"పొద్దున ఏం తిన్నావురా బాబూ?" అంది ఇంగ్రిడ్.

మూడోసారి ఓడెల్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. "డ్రమ్ము వాయించేది నువ్వా, నీ పొట్టా? తేల్చుకో."

టకర్ వరుసలోకి వచ్చి నిలబడ్డాడు. ఏడుపు ఆగలేదు. ఇన్ని డ్రమ్ముల మోతలో అది ఇంకెవరికీ వినబడటం లేదు గాని, అతనికి మాత్రం చెవుల్లో సూదులు గుచ్చుతున్నట్టుంది. ప్రతి క్షణం బి నుంచి సి వైపు జారిపోతున్నాడు.  ఇంతలో తువ్వాళ్ల పెట్టె మోసుకుంటూ మిస్ బెవ్ ఆ గదిలోకి వెళ్లడం కంటబడింది. టకర్ పుల్లలు అక్కడే పారేసి పరుగు అందుకున్నాడు.

మిస్ బెవ్ దళానికి వంట చేసిపెట్టే పెద్దావిడ. జీతం లేదు, మొహమాటం అంతకన్నా లేదు. అప్పటికే సంచి ముందు మోకాళ్లమీద కూర్చుని జిప్పు లాగబోతోంది.

"ఆగండి!" అంటూ టకర్ సంచి లాక్కుని, దుప్పటితో సహా బొమ్మను తీసి, ముఖం కనబడకుండా గుండెకు హత్తుకున్నాడు. పట్టీ తగలగానే ఏడుపు తగ్గింది.

మిస్ బెవ్ ముఖంలో నెత్తురు లేదు. "దేవుడా! పసిగుడ్డుని సంచిలో పెట్టి జిప్పు వేస్తావట్రా?"

"చలి కదాని అండీ..."

"చలా? ఊపిరాడకపోతేనో? ఎవరి బిడ్డరా ఇది? నీ బిడ్డేనా?"

కాదండీ, బొమ్మండీ అని చెప్పడానికి టకర్ నోరు తెరిచాడు. అంతలో ఆవిడ వెనకాల గుమ్మంలో ఓడెల్ కనిపించాడు. బొమ్మ అంటే బడి. బడి అంటే గుమ్మం బయటికి.

"నా బిడ్డేనండీ," అన్నాడు. బడివాళ్ల లెక్కలో చూస్తే అది అబద్ధం కాదు.

"పేరేంటి?"

"పెర్ల్." అది పోయిన అమ్మమ్మ పేరు. క్లాసులో ఏదో ఒక పేరు పెట్టమంటే అదే నోటికొచ్చింది.

"మరి తల్లేదీ?"

టకర్ నేలచూపులు చూశాడు. "తల్లి... లేదండీ. నిన్ననే నా చేతికొచ్చింది."

"నిన్న నీ చేతిలో పెట్టేసి పోయిందా!" మిస్ బెవ్ కళ్లు తుడుచుకుంది. "చూడు ఓడెల్, ఒంటరి పిల్లాడు, పసిపిల్లని వదల్లేక వెంటబెట్టుకొచ్చాడు. పొట్ట బాగాలేదని చెప్పుకున్నాడు పాపం, చెప్పుకోలేక."

 ఓడెల్ గొంతు సవరించుకున్నాడు. "ఇంటి కష్టాన్ని కాదననని చెప్పాను. ఆ మాట మీదే ఉంటా. పాపని ఛాతీకి కట్టుకుని వచ్చి వరుసలో నిలబడు."

నిజం చెప్పడానికి అదే సమయం. టకర్‌కు తెలుసు.  కాని గుమ్మం అవతల మంచు కురుస్తోంది, ఇవతల స్నేర్ ఉంది. నోరు మెదపలేదు.

దళంలో జెండాలు తిప్పే అమ్మాయిలు ఓ పాత జెండా పట్టుగుడ్డ తెచ్చి బొమ్మను అతని ఛాతీకి కట్టారు. మెడకింద చెయ్యి వేసి మరీ కట్టమని టకర్ హెచ్చరిస్తే, "ఎంత ప్రేమో!" అని మురిసిపోయారు. ముఖం చూస్తామన్నారు. నిద్ర చెడుతుందని చెప్పి దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

డ్రమ్ దళంలో వాయించేవాళ్లు ఊరికే నిలబడరు. దరువుకు తగ్గట్టు నిలబడ్డచోటే అడుగులు వేస్తూ ఉంటారు. ఆ అడుగుల ఊపుకు పెర్ల్ హాయిగా ఊరుకుంది. ఓడెల్ చెయ్యెత్తి వరుసను ఆపాడు. పెర్ల్ కెవ్వుమంది. ఓడెల్ తడబడి మళ్లీ మొదలుపెట్టించాడు. పెర్ల్ ఊరుకుంది. ఆపాడు. కెవ్వుమంది.

"ఆపకు ఓడెల్," అంది మిస్ బెవ్ వంటగది గుమ్మంలోంచి. "ఇప్పుడిప్పుడే కునుకు పడుతోంది."

ఓడెల్ ఆపలేదు. లాంతర్ గార్డ్ చరిత్రలో అంతసేపు ఆగకుండా ఏ వరుసా అడుగులు వేసి ఉండదు. టకర్ మధ్యమధ్య పాలసీసాను గడ్డంతో నొక్కిపట్టి వాయించాడు. అందరి పిక్కలూ పట్టేశాయి. ఒకడు కుంటుకుంటూ వెళ్లి గోడకు ఆనుకున్నాడు. ఇంకొకడు నీళ్ల వంకతో వెళ్లి తిరిగి రాలేదు.

"పడుకుందా?" అని పళ్లబిగువున అడిగింది ఇంగ్రిడ్.

"ఇంకా లేదు."

"నాకు పిల్లలొద్దు బాబోయ్. ఈ జన్మకి వద్దు."

ఆదివారం పొద్దున ఫలహారాల బల్ల మీద ఒక అట్టపెట్టె కనిపించింది. దాని నిండా డైపర్లు, బుల్లి మేజోళ్లు. పైన మిస్ బెవ్ చేత్తో అల్లిన పసుపుపచ్చ ఊలు టోపీ. దాన్ని చూడగానే టకర్ పాన్‌కేక్‌ను పక్కకు నెట్టేశాడు. ఆవిడ ఎంత మంచిది, తనెంత వెధవ అనిపించింది. ఆఖరి రౌండు అయిపోగానే అందరిముందూ నిజం చెప్పేద్దామని నిశ్చయించుకున్నాడు.

"అన్నట్టు," అంది మిస్ బెవ్ అతని పళ్లెంలో ఇంకో పాన్‌కేక్ వేస్తూ, "పొద్దున్నే నీ ఫారంలో నంబరు చూసి మీ అమ్మకి ఫోన్ చేశా. ఇంటి కష్టమని ఓడెల్ ఒప్పుకున్న సంగతి చెప్పి, పెర్ల్‌కి డైపర్లు ఏ సైజు వేస్తున్నారో కనుక్కుందామని."

టకర్ చేతిలో ఫోర్కు జారి కిందపడింది. "అమ్మేమంది?"

"ఏమీ అనలేదు బాబూ. పెట్టేసింది. మంచు కదా, సిగ్నల్ లేదేమో."

వాళ్ల ఊరి నుంచి శిబిరానికి రెండు గంటల దారి. అమ్మ స్కూలు బస్సు నడిపే మనిషి, మంచుకు భయపడే రకం కాదు. టకర్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. అప్పుడే ఆఖరి రౌండుకు పిలుపు వచ్చింది. పెర్ల్‌ను కట్టుకుని, పసుపు టోపీతో సహా వరుసలో నిలబడ్డాడు. ఒక కన్ను ఓడెల్ చేతిమీద, ఒక కన్ను తలుపుమీద పెట్టి వాయించాడు. అలా వాయించినా దరువు ఎక్కడా తప్పలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

తలుపు దభాలున తెరుచుకుంది.

"టకర్ జేమ్స్ ఓల్డ్‌హామ్!"

అమ్మ మూడు పేర్లూ కలిపి పిలిచిందంటే ఆ రోజు ఇక ఎవరూ కాపాడలేరు. అన్ని డ్రమ్ములూ ఒక్కసారిగా ఆగిపోయాయి. పెర్ల్ కెవ్వుమంది. డెనీస్ బూట్లకు మంచుతో, చేతిలో టకర్ చిన్నప్పటి ఊయల దుప్పటితో జిమ్ము మధ్యలోకి నడిచి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా, నే చెప్పేది..."

"నోర్ముయ్. మా అమ్మ పేరు పెట్టావట. నాకో మాట చెప్పకుండా. ఇలా ఇవ్వు నా మనవరాల్ని."

పట్టుగుడ్డ ముడి తనే విప్పింది. దుప్పటి తొలగించింది. రబ్బరు ముఖం ఆవిడను చూసి నోరంతా తెరిచి ఏడుస్తోంది. డెనీస్ మెడకు చెయ్యి ఆనించి దాన్ని బోర్లా తిప్పింది. నడుము దగ్గర బడి పేరు, కింద "నాలుగో నంబరు బొమ్మ, తడి తగలనివ్వరాదు" అని రాసి ఉంది. ఆవిడ అక్కడున్న మెట్ల మీద కూలబడి, బొమ్మను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఊగిపోయింది.

ఓడెల్ కూడా ఆ రాత చదివాడు. "అంటే ఇది హోంవర్కు."

"అవును సార్," అన్నాడు టకర్.  "మొదటి నిమిషంలోనే చెప్పాల్సింది. భయపడ్డాను. మిస్ బెవ్, నన్ను క్షమించండి. మీ టోపీకి నేను తగను."

మిస్ బెవ్ బొమ్మ తలమీంచి టోపీ తీసేసుకుంది. ఆవిడ పెదవి అదరడం చూస్తే తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

"సంచి సర్దుకో," అన్నాడు ఓడెల్.

"ఒక్క నిమిషం." డెనీస్ లేచి నిలబడింది. కొడుకును చెవి పట్టుకుని ఇంటికి లాక్కుపోవాలని వచ్చిన మనిషి, అతనికీ ఓడెల్‌కీ మధ్యకు వచ్చి నిలబడింది. "ఇంటి కష్టమైతే ఒప్పుకుంటానన్నారట?"

"అన్నానండీ. కానీ ఇది బొమ్మ."

"బొమ్మని నాకు ఇప్పుడు తెలిసింది. రెండు గంటలు ఆ మంచులో నాయనమ్మనైపోయానని ఏడుస్తూ కారు నడిపాను. దారిలో మా అక్కకి చెప్పాను, మా పాస్టరుకి చెప్పాను. పిల్లను పెంచడానికి రాత్రి ట్రిప్పులు మానుకుందామని మా ఆఫీసుకి కూడా చెప్పాను. ఇది ఇంటి కష్టం కాకపోతే ఇంకేంటండీ?"

డెనీస్ కొడుకు వైపు వేలు చూపించింది.

"అబద్ధానికి వీడికి పడాల్సింది ఇంట్లో పడుతుంది, ఆ సంగతి నాకొదిలెయ్యండి. వాయించడం బాగాలేదంటే చెప్పండి, తీసుకుపోతాను."

"బాగానే వాయించాడండీ," అంది ఇంగ్రిడ్ పిక్కలు రుద్దుకుంటూ. "చంపేశాడు."

ఓడెల్ ఇంగ్రిడ్ వైపు చెయ్యి చూపించాడు. "స్నేర్ ఈ అమ్మాయికి ఇస్తున్నాను. అది నిన్ననే తేలిపోయింది." టకర్ పుల్లలు కిందికి దించాడు. "కానీ రెండు రోజులు ఛాతీమీద బరువు పెట్టుకుని, నడుం వంచకుండా, అడుగు తప్పకుండా నిలబడ్డవాణ్ణి ఇంతవరకు చూళ్లేదు. పెద్ద బాస్ డ్రమ్ము మోసే కుర్రాడికి పోయిన నెల నడుం పట్టేసింది. మోస్తావా?"

ఆ డ్రమ్ము మూలన ఉంది. గడ్డం దగ్గర్నుంచి తొడల దాకా వచ్చేంత గుండ్రం. చిన్న డ్రమ్ము మీద పుల్లలు ఆడించాలని కలలు కన్నవాడికి దాన్ని చూస్తే మనసు చివుక్కుమంది. అమ్మ వైపు చూశాడు.

"సోమవారం మార్కు చూశాకే," అంది డెనీస్.

సోమవారం మిసెస్ హాబర్ యంత్రం చెప్పిందంతా రెండుసార్లు చదువుకుంది. శనివారం పొద్దున కాసేపు తప్ప పాప ఒంటరిగా లేదు, మెడ ఒక్కసారైనా వాలలేదు, ఇంతసేపు ఊపిన తండ్రి ఈ బడిలో ఇంతవరకు లేడు. ఎ ఇచ్చి, అంత మోతలో ఉన్న పాపకు చెవి పరీక్ష చేయించడం మంచిదని కింద రాసింది.

మరుసటి నెల, ఫిబ్రవరిలో జరిగిన దళం శిబిరానికి డెనీసే స్వయంగా కారులో దింపింది. నలుగురు పట్టి ఆ డ్రమ్మును టకర్ పొట్టకు బిగించారు. అతను వెనక్కి వాలి, నడుము మీద రెండు చేతులూ ఆనించి, కింద పాదాలు కనబడక తడుముకుంటూ మెల్లగా జిమ్ములోకి నడిచాడు. అతనితో నెల రోజులుగా మాట్లాడని మిస్ బెవ్ వంటగది గుమ్మంలో నిలబడి కిందికీ పైకీ ఓసారి చూసింది.

"ఎన్నో నెల?" అంది.