మూడో కప్పు మనిషి

ఆ రోజు వంజేరి వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారుజామున కొండ మీది గైడ్ల గుడిసెలో టీ తాగాలి, ఓడెరా మాస్టారిని తాడుకి కట్టుకుని నెలియన్ శిఖరం ఎక్కించాలి, చీకటి పడేలోపు దించాలి. కెన్యా కొండ మీద ఆమె తాడు ముందు నడవడం అదే మొదటిసారి. పెద్ద గైడు గిచోహి ముందే తేల్చి చెప్పాడు: "నీకోసం నేను పైకి రావాల్సొచ్చిందో, మళ్ళీ మూటలు మొయ్యడమే!"

గుడిసె వంటవాడు ముగో తాత మనుషుల్ని ఎన్నడూ లెక్కపెట్టడు. లెక్కపెడితే మనిషికి కీడని వాళ్ళ పెద్దల మాట. అందుకని కొండెక్కేవాళ్ళు టీ తాగిన రేకు కప్పుని బల్ల మీద బోర్లించి వెళ్ళాలి, దిగొచ్చాక తీసుకోవాలి. కప్పు బోర్లించే ఉందంటే మనిషి ఇంకా పైనే ఉన్నట్టు.

కిసుములో హెడ్మాస్టరుగా రిటైరైన ఓడెరాకి ఈ సంగతి తెలియదు. టీ కాలిపోతోందని రెండు కప్పుల్లో తిరగబోసుకుని తాగాడు. క్రమశిక్షణ గల మనిషి కనుక రెండింటినీ కడిగి వంజేరి కప్పు పక్కన బోర్లించాడు. ఆ సమయానికి తాత మడుగు దగ్గర నీళ్ళు ముంచుతున్నాడు.

మధ్యాహ్నం గిచోహి ఇంకో జట్టుతో గుడిసె చేరాడు.

"ఎంతమంది వెళ్ళారు తాతా?"

"నా నోటితో చెప్పించకు. బల్ల చూసుకో."

"మూడా! ఒక్క తాడుకి ఇద్దరు కొత్తవాళ్ళా? ఈ పిల్లకి మతి పోయిందా?"

బైనాక్యులర్ తీసి నిట్టనిలువు రాతినంతా వెతికాడు. ఆయనా తాత ఊరివాడే కాబట్టి మనుషుల్ని వదిలి హెల్మెట్లు లెక్కపెట్టాడు. రెండే ఉన్నాయి.

పావుగంటలో గైడ్లందరూ తాళ్ళు భుజాన వేసుకుని పరుగెత్తారు. మనిషి జారాడని ఒకడు ఊరికి ఫోన్ చేశాడు. వంజేరి మేనత్త అందరూ జారారనుకుని వీధి వీధంతా ఏడిపించింది.

పైన మాత్రం శిఖరం ఎక్కడం చక్కగా అయింది. సగం దిగాక, దిగొచ్చిన తాడుని మళ్ళీ వాడుకోడానికి కిందికి లాగుతుంటే అది పైన ఎక్కడో బండ సందులో ఇరుక్కుంది. ఇద్దరూ ఇరుకైన రాతి గట్టు మీద నిలబడిపోయారు.

"కేకేద్దామా అమ్మా?"

"కేకేస్తే నా పని అయిపోయినట్టే మాస్టారూ."

గంటసేపు లాగింది. అరచేతులు బొబ్బలెక్కాయి. మబ్బు కమ్ముకొచ్చింది. మాస్టారి పళ్ళు టకటక కొట్టుకోవడం విని, పోనీ మూటలే మోస్తాననుకుని కేకవేయడానికి నోరు తెరిచింది. అంతలోనే గట్టు కింద గిచోహి తల లేచింది.

"మూడోవాడేడి?"

"ఏ మూడోవాడు బాబాయ్? మా తాడు..."

"తాడు సంగతి తర్వాత! జారాడా? మాస్టారూ, మీరైనా చెప్పండి!"

"పొద్దుట్నుంచీ నేను మూడో మనిషిని చూడలేదు నాయనా," అన్నాడు మాస్టారు వణుకుతూ.

ఆ వణుకు చూసి గిచోహికి అనుమానం రూఢి అయింది. వాళ్ళని దాటి పైకెక్కి ప్రతి సందులోనూ తొంగిచూశాడు. ఒకచోట అడ్డొచ్చిన తాడుని విసుగ్గా పీకి పారేసి, "ఇక్కడా లేడు!" అని అరిచాడు. తాడు సర్రున జారి మాస్టారి హెల్మెట్ మీద పడింది.

సాయంత్రం గుడిసెలో మాస్టారు బల్ల మీది రెండు కప్పులు చెరో చేత్తో తీసుకున్నాడు. గైడ్లందరూ ఆ చేతులకేసి చూశారు. గిచోహి మెల్లగా కూర్చున్నాడు.

"నేనేమైనా తప్పు చేశానా?" అడిగాడు మాస్టారు.

"లేదు మాస్టారూ. మీ నాలుక కాల్చి దేవుడు మనల్ని దించాడు," అంది వంజేరి. తర్వాత గిచోహి వైపు తిరిగింది. "బాబాయ్, నువ్వు పీకి పారేసింది మా తాడే. నువ్వు రాకపోతే ఇంకా అక్కడే ఉండేవాళ్ళం. నీ మేలు మర్చిపోను. రేపట్నుంచి మూటలు మోస్తాను."

గిచోహి టీ ఊదుకున్నాడు.

"నీకోసం ఎవడొచ్చాడు? నేనొచ్చింది ఆ లేనివాడి కోసం. గురువారం కూడా తాడు ముందు నువ్వే."

ఆదివారం ఊరి చర్చిలో, ముగ్గురూ క్షేమంగా దిగివచ్చినందుకు కృతజ్ఞతా ప్రార్థన జరిగింది.