పెద్దాయనకు పెద్దకొడుకు

“ప్రజలకు విజ్ఞప్తి! ఒడ్డుకు కొట్టుకొచ్చి కన్నుమూసిన డాల్ఫిన్ పెద్దాయనకు జిల్లా పాలకమండలి గౌరవ ఉపాధ్యక్షులు ఖియెమ్ గారు స్వయంగా పెద్దకొడుకై అంత్యక్రియలు జరిపిస్తారు!”

ఊరి మైకులో ఈ ముక్క చదివింది నేనే. చదువుతుంటే నాకే ఒళ్లు పులకరించింది.

మా వియత్నాం తీరంలో డాల్ఫిన్ అంటే జాలర్లను కాచే దేవుడు, పెద్దాయన అంటాం; దాని శవాన్ని ముందు ఎవరు చూస్తే వాళ్లే దానికి పెద్దకొడుకు. ముందు చూసింది జాలరి న్యాన్ తాత. అయితేనేం, అప్పుడు కెమెరాలు లేవు. ఖియెమ్ గారు చూసేసరికి రెండు చానళ్లు ఉన్నాయి. పెద్దకొడుకు కట్టాల్సిన తెల్ల తలగుడ్డ కట్టుకుని ఆయన ఏడుస్తుంటే, సొంత తండ్రికి కూడా ఇంత ఏడవలేదని ఆయన తమ్ముడే మెచ్చుకున్నాడు.

ఇంతలో పశువుల డాక్టర్ త్రామ్ పెట్టె పట్టుకుని దిగింది.

“సార్, కాలేయంలోంచి ఒక ముక్క, కొవ్వులోంచి ఒక ముక్క కావాలి. ల్యాబ్‌లో చూస్తే ఎందుకు పోయిందో తెలుస్తుంది.”

“మా నాన్నని కోస్తావా? వయసు మీద పడింది, పోయాడు!”

“పళ్లు చూడండి సార్, ఇంకా పిల్ల. పైగా ఆడది.”

“అయితే మా చెల్లెలు! అసలే కొయ్యనివ్వను!”

ఎంత కుటుంబ ప్రేమ! పెద్దకొడుకు వద్దన్నాక ఎవరూ కత్తి ముట్టకూడదు.

న్యాన్ తాత మొహం వాడిపోయింది. ఇక్కడ సముద్రంలో కలిసే వాగుకు ఎగువన రంగుల ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి ఆయన వలలో చచ్చిన చేపలే పడుతున్నాయి. మనవరాలికి ఒళ్లంతా దద్దుర్లు. ఫ్యాక్టరీ ఖియెమ్ గారి బావమరిదిది. దాని నీళ్లు తల్లిపాలంత స్వచ్ఛమని ఖియెమ్ గారు చెబితే, అదీ మైకులో చదివింది నేనే.

తాత దగ్గరికొచ్చాడు. “సరే బాబూ, నువ్వే పెద్దకొడుకువి. మరి ఆ నీళ్ల తంతు కూడా కానిచ్చెయ్.”

“ఏం తంతు?” ఖియెమ్ గారు పట్నం మనిషి.

“పెద్దాయన పడున్న చోట నీళ్లు ఒక దోసెడు తాగాలి. అప్పుడే కొడుకు.”

సరిగ్గా అప్పుడే ఊదారంగు అల ఒకటి వచ్చింది. ఖియెమ్ గారు బూట్లు తడవకుండా చెంగున వెనక్కి దూకారు.

“మినరల్ వాటర్ తెండిరా!”

“పెద్దాయన పోయింది సీసాలో కాదుగా బాబూ.”

కెమెరాలు ముందుకు జరిగాయి. ఖియెమ్ గారు తలగుడ్డ విప్పి, ఎంతో ఉదారంగా తాత తలకు చుట్టారు. “ముందు చూసింది ఈయనే. నాకు పదవి మీద ఆశ లేదు.” ఇలాంటి త్యాగం ఈ రోజుల్లో ఎక్కడ చూస్తాం? కారు వెళ్లేదాకా చప్పట్లు కొట్టాను.

“కొయ్యమ్మా,” అన్నాడు తాత డాక్టర్‌తో. “ఎందుకు పోయాడో తెలియకుండా ఎట్లా పాతిపెడతాను?”

ఆమె కత్తి తీసింది. ఎండ తగలకుండా తాత గొడుగు పట్టాడు. నాకు మాత్రం మనసు ఆగలేదు.

“తాతా, మరి నువ్వు దోసెడు నీళ్లు తాగవా?”

“ఎందుకు?”

“ఆచారం కదా!”

“అలాంటి ఆచారం ఎక్కడైనా ఉందిట్రా?” అన్నాడు తాత.